ఆ పిల్లకు కోరలు ఎందుకు గీశారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో పోలండ్ 'రక్తపిశాచి సమాధి' గురించి వేసిన వ్యాసం చదివాను. పైన కోరలతో, పెదవి చివర నెత్తురు కారుతున్న ఆడమనిషి బొమ్మ. అది చూసి మా మనవరాలు ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. ఆ టెన్షన్ అటుంచండి. ముప్పై ఒక్క ఏళ్లు అనంతపురం జిల్లాలో క్షయ రోగుల ఇళ్ల చుట్టూ తిరిగినవాణ్ణి. ఆ బొమ్మ మీద నా అభ్యంతరం వేరు.

పియెన్ అనే ఊళ్లో 2022లో తోరున్ విశ్వవిద్యాలయం వాళ్లు బయటికి తీసింది పదిహేడో శతాబ్దపు ఒక పడుచుపిల్ల అస్థిపంజరం. మెడ మీద కొడవలి, పదును గొంతు వైపు. ఎడమ కాలి బొటనవేలికి తాళం. లేవబోతే గొంతు తెగాలన్న ఏర్పాటు అది. తల దగ్గర పట్టు కుల్లాయి ఆనవాళ్లున్నాయి కాబట్టి పేదింటి పిల్ల కాకపోవచ్చు. ఇంతవరకూ మీరు సరిగానే రాశారు. మరుసటి ఏడాది అక్కడే, బోర్లా పూడ్చిన చిన్నబిడ్డ కాలి దగ్గర కూడా తాళం దొరికిన సంగతి మాత్రం వదిలేశారు. అది కూడా రాసుంటే, ఆ బిడ్డకు కోరలు గీయడానికి మీ చిత్రకారుడికి చెయ్యి ఆడేది కాదనుకుంటాను.

అదే దేశంలో ద్రావ్‌స్కో అనేచోట కూడా ఇలా కొడవళ్లు పెట్టిన సమాధులు కొన్ని బయటపడ్డాయి. వీళ్లు ఎక్కడి నుంచో వచ్చినవాళ్లేమో, అందుకే ఊరు అనుమానించిందేమో అని ముందు అనుకున్నారు. తాగే నీళ్లు, తినే తిండి నుంచి పళ్ల ఎనామిల్‌లో చేరే స్ట్రాన్షియం అనే మూలకాన్ని పరీక్షించి 2014లో తేల్చిందేమంటే, వాళ్లు ఆ ఊరి నీళ్లు తాగి పెరిగినవాళ్లే. కలరాలో ముందు పోయినవాళ్లు మిగతావాళ్లను కూడా పట్టుకుపోతారని ఊరు భయపడి ఉంటుందని పరిశోధకుల ఊహ.

ఈ 'పట్టుకుపోవడం' దగ్గరే నేను ఆగిపోయాను. మా ఊళ్లో దాన్ని 'పిలుచుకోవడం' అంటారు.

1973లో మా చిన్నాయన దగ్గి దగ్గి, నెత్తురు కక్కుకుని పోయాడు. ఎనిమిది నెలలకు పిన్నమ్మ. ఆ తర్వాత వాళ్ల పెద్దకొడుక్కి సాయంత్రమైతే జ్వరం, దగ్గు. "వాడు ఒంటిగా ఉండలేక ఒక్కొక్కరినే పిలుచుకుంటున్నాడు" అంది మా జేజి. కన్నకొడుకు గురించి అన్న మాట అది. మంత్రగాడు వచ్చి సమాధి తల దగ్గర జానెడు ఇనుప మేకు దిగ్గొట్టించాడు. గడపకు ఇంకొకటి కొట్టించి, కోడిని, నూటపదహార్లు తీసుకుని వెళ్లిపోయాడు. సమాధి దగ్గర సుత్తి పట్టింది మా నాయనే. ఇంటికొచ్చి నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకుని, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ పిల్లవాణ్ణి బతికించింది తెమడ పరీక్ష. ఊరికి వచ్చిపోయే ఒక కాంపౌండరు పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. రెండు నెలలు సూదులు, ఏడాదిన్నర మాత్రలు. ఇప్పటికీ నాలుగెకరాల్లో శెనక్కాయ వేస్తున్నాడు. మా చుట్టాల్లో కొందరు మాత్రం నేటికీ మేకు మహిమే అంటారు. నేను వాదన మానేశాను.

అమెరికాలో ఇంతకంటే ఘోరం జరిగింది. రోడ్ ఐలండ్ రాష్ట్రం ఎక్సెటర్‌లో బ్రౌన్ అనే రైతు ఇంట్లో ముందు భార్య, తర్వాత ఒక కూతురు, 1892 జనవరిలో 19 ఏళ్ల మెర్సీ, అందరూ క్షయతోనే పోయారు. కొడుకు ఎడ్విన్‌కూ అంటుకుంది. ఊరివాళ్లు తండ్రి మెడలు వంచి మార్చిలో శవాలను తీయించారు. తల్లి, అక్క ఎముకలై ఉన్నారు. మెర్సీ మాత్రం పాడవలేదు, గుండెలో నెత్తురుంది. గడ్డకట్టే చలిలో, నేలపైన రాతిగదిలో పెట్టిన శవం రెండు నెలలకే ఎందుకు పాడవుతుంది? గుండె కాల్చి, ఆ బూడిద కలిపి ఎడ్విన్‌తో తాగించారు. మే నెలలో అతనూ పోయాడు. క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని రాబర్ట్ కాక్ చెప్పి అప్పటికి పదేళ్లయింది.

పక్క రాష్ట్రం కనెక్టికట్‌లోని గ్రిస్వోల్డ్‌లో 1990లో కంకర గుంత దగ్గర ఆడుకుంటున్న పిల్లలకు పుర్రెలు దొరికాయి. తవ్వితే ఒక శవపేటిక మీద ఇత్తడి మేకులతో 'జేబీ 55' అని, అంటే పేరు పొడి అక్షరాలు, వయసు ఉన్నాయి. ఛాతీ తెరిచి, పుర్రెను, తొడ ఎముకలను గుణకారం గుర్తులా పేర్చారు. తీయడానికి గుండె మిగలక ఇలా చేసి ఉంటారని తవ్వినవాళ్ల అంచనా. ఆ మనిషి పక్కటెముకల మీద క్షయ మచ్చలున్నాయట. అది చదివి, నేను చేత్తో పట్టుకున్న ఎక్స్‌రే ఫిల్ములన్నీ కళ్ల ముందు తిరిగాయి.

శవం లోపల గ్యాసు పుట్టి పొట్ట ఉబ్బుతుంది. నోటి నుంచి ఎర్రగా, నల్లగా ద్రవం వస్తుంది. చర్మం ముడుచుకుపోయి గోళ్లు పెరిగినట్టు కనిపిస్తాయి. నెత్తురు తాగి బలిసిందని వాళ్లు అనుకున్నది దీన్నే. మీ వ్యాసంలో ఈ నాలుగు ముక్కలకు చోటు లేకపోయింది.

వాళ్లను వెక్కిరించే హక్కు మనకూ లేదు లెండి. మనమూ శవం కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కడతాం. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాం. లేస్తాడేమోనన్న ఆశ, లేస్తాడేమోనన్న భయం రెండూ ఒకే దారిలో నడుస్తాయి. మా కళ్యాణదుర్గం చుట్టుపక్కల పాతకాలం మనుషులు తమవాళ్ల కోసం బండలు నిలిపి కట్టిన సమాధులను రాక్షస గుళ్లు అనేశాం. దక్షిణాదిలో అలాంటి సమాధుల్లోనూ ఇనుప కొడవళ్లు దొరికాయి, కుండల పక్కన, చనిపోయినవాడి సామానుగా.

నేను అడిగేది చిన్నది. స్వీడన్ శిల్పి ఆస్కార్ నిల్సన్ ఆ పియెన్ పిల్ల పుర్రె ఆధారంగా ఆమె ముఖాన్ని తయారు చేశాడు. 2024లో ఆ ఫొటోలు వచ్చాయి. మామూలు పడుచుపిల్ల ముఖం, కోరలు లేవు. దాన్ని అదే పేజీలో, అంతే సైజులో వేయండి. మా మనవరాలికి చూపించాలి.

— ఒక విశ్రాంత ఆరోగ్య సూపర్‌వైజరు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా