పూస చల్లారడం కూడా పనిలో భాగమే

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంట్లోనే గాజు పూసలు తయారు చేసి ఆదాయం పొందవచ్చంటూ ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆరేళ్లుగా మేడ మీది గదిలో ఇదే పని చేస్తున్నాను కనుక సంతోషించాను. అయితే గాజు కడ్డీని మంట మీద కరిగించి, మట్టి పూత పూసిన ఉక్కు పుల్లకు చుట్టి, బూడిదలో పాతిపెడితే పూస సిద్ధమైనట్టేనని రాయడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మంటలోంచి తీసిన పూసకు పైపొర ముందుగా గట్టిపడుతుంది. లోపలి గాజు ఆ తరువాత చల్లారి కుంచించుకోబోతే ఆ పైపొరే అడ్డుపడుతుంది, ఆ లాగుడు కంటికి కనబడకుండా పూసలో ఉండిపోతుంది. అందుకే తక్కువ వేడికే మెత్తబడే మామూలు గాజు పూసలను కరెంటు కొలిమిలో సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద కొంతసేపు ఉంచి, ఆపై గంటల తరబడి వేడి తగ్గించుకుంటూ రావాలి. బూడిద చల్లారడాన్ని కాస్త ఆలస్యం చేస్తుందే తప్ప ఈ పని చేయలేదు. మొదటి ఏడాది నేను అలా బూడిదలో చల్లార్చిన నీలం పూసల దండ వేసుకుని మా వదిన గారు ఒక పెళ్లికి వెళ్లారు. భోజనాల దగ్గర ఒక పూస రెండు చెక్కలై విస్తట్లో పడింది. ఆ దండ కట్టి అప్పటికి మూడు వారాలు. ఇంటి మనిషి కాబట్టి నవ్వి ఊరుకున్నారు.

ఇది మన ప్రాంతానికి కొత్త విద్య అనడమూ సరికాదు. తిరుపతికి చేరువలోని పాపానాయుడుపేటలో గాజును కొలిమిలోంచి సన్నని గొట్టాలుగా లాగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ వేడి చేసి గుండ్రపరిచే పద్ధతి ఉంది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో ప్రాచీన కాలంలో చేసిన గాజు పూసలు చాలావరకు ఈ తరహావే. అంత చిన్న పూస అంతటా దాదాపు ఒకేసారి చల్లారుతుంది. ఉసిరికాయంత పూసకు ఆ సౌలభ్యం లేదు.

సోడియం వల్ల మంటలో లేచే పసుపు వెలుగును అడ్డుకునే కళ్లద్దాలు, గాలి బయటికి పోయే ఏర్పాటు, ఎండిన మట్టి పూతను గీకేటప్పుడు ముక్కుకు మాస్కు, ఇవన్నీ ఒక్క వాక్యంలోనైనా చెప్పవలసింది. వంటింటి రాయితీ సిలిండరును వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధమన్న మాట అసలే లేదు.

అన్నిటికంటే నన్ను బాధించింది పెట్టుబడి లెక్క. బర్నరు, కడ్డీలు, పుల్లల ధరలు వరుసగా ఇచ్చి, కొలిమిని మాత్రం వదిలేశారు. దాన్ని కలిపితే ఆ పట్టికలోని మొత్తం ఎంతగానో మారిపోతుంది. అప్పు చేసి ఈ పని మొదలుపెట్టబోయే ఆడవాళ్లు ఆ వ్యాసాన్ని కత్తిరించి దాచుకుని ఉంటారు. దయచేసి కొలిమి ఖర్చుతో సహా సవరించిన లెక్కను అదే పేజీలో ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి.