పెద్దబజారులో కనుమరుగైన కొట్లు

సంపాదకుల వారికి నమస్కారములు.

1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలోని మా గంజాం జిల్లా ఒడిశాలో కలిసినా, నా చిన్నతనం దాకా బరంపురం పెద్దబజారులో తెలుగు బేరాలు వినబడేవి. నాన్నగారితో వెళ్ళిన పట్టుచీరల కొట్టులో మమ్మల్ని తెల్లని పరుపు మీద కూర్చోబెట్టి, చీర మడత విప్పి అంచును వెలుతురుకు పట్టి చూపించి, ధర చివరన చెప్పేవారు; డబ్బు చాలకపోతే ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో రాసుకొని, చీర ఇచ్చి పంపేవారు. పక్కనే అప్పడాల కొట్టు ముసలమ్మ పొట్లానికి పురికొస చుట్టి పళ్ళతో తెంచేది. ఆ రెండు కొట్లూ నేడు లేవు. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కినందుకు గర్వమే గానీ, దానిని అమ్మిన వర్తకుల ఆనవాళ్ళు మిగలకపోవడం నన్ను బాధిస్తోంది. పాత తెలుగు బోర్డులు, ఖాతా పుస్తకాలు ఇళ్ళలో ఉన్నవారు దయచేసి పారవేయవద్దని, నగరపాలకులు వాటిని ఒకచోట భద్రపరచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, బరంపురం