నడుస్తుండగా ఒక ప్రశ్న అడగండి, మంత్రి గారూ

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే, మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు ఉన్న మనిషిగా మీకు ఇది నా నాలుగో అర్జీ. ముందు పంపిన మూడింటికీ జవాబు లేదు కాబట్టి ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

వైకల్య పరీక్ష ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. నిశ్శబ్దంగా ఉన్న వరండాలో నన్ను 25 అడుగులు నడవమన్నారు. చదునైన నేల, ఎదురొచ్చేవాళ్లు లేరు, పలకరించేవాళ్లు లేరు. ధ్యాసంతా కాళ్ల మీదే పెట్టి నడిచాను. స్టాప్‌వాచ్ చూసి "బాగానే నడుస్తున్నారుగా" అన్నారు. అంతే, నా దరఖాస్తు పక్కన పడింది.

అయ్యా, బయట అలా ఎవరు నడుస్తారు? ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు ఆలోచించేలోపే నా అడుగు చిన్నదైపోతుంది, వేగం తగ్గిపోతుంది. ఒక్కోసారి రోడ్డు మధ్యలోనే ఆగిపోతాను. ఒకరోజు మా అమ్మాయి ఫోన్ చేసి "నాన్నా, తాళం ఎక్కడ పెట్టావు?" అంది. గుర్తు చేసుకుంటుండగానే కుడి పాదం నేలకు తగిలి పడిపోయాను. తన వల్లే పడ్డానని అది ఎంత ఏడ్చిందో. అప్పటి నుంచి నేను నడుస్తుంటే ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడరు. నా మీద ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ నా బిడ్డ నా పక్కన నడుస్తూ కబుర్లు చెప్పి ఎన్నాళ్లయిందో!

ఇది టెన్షన్ కాదండీ. నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటే సంకేతాలు నెమ్మదిస్తాయి. ఇతరులకు దానంతట అదే సాగే నడకకు మాకు అడుగడుగునా ధ్యాస కావాలి. ఇంకో పని ఆ ధ్యాసను లాక్కుంటే నడకకు మిగలదు. ఈ జబ్బు తెచ్చే వైకల్యాన్ని 0 నుంచి 10 వరకు కొలవడానికి మీవాళ్లు చూసే ఈడీఎస్ఎస్ స్కేల్ 1983 నాటిది. అందులో 4 నుంచి స్కోరు చాలావరకు ఎంత దూరం నడవగలమన్న దాని మీదే ఉంటుంది. నడుస్తూ ఆలోచించగలమా అన్న ప్రశ్నే లేదు.

కొలవడం కష్టమా అంటే అదీ కాదు. అదే వరండాలో, 100లోంచి 7 చొప్పున తీసేస్తూ పైకి చెప్పమని ఇంకోసారి నడిపించండి. రెండు నడకల మధ్య తేడా చూడండి. ఆ స్టాప్‌వాచే చాలు. పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే ఇది. ఆ రెండో నడకను పరీక్షలో చేర్చమని వేడుకుంటున్నాను. ఫిజియోథెరపీలోనూ ఇలాంటి సాధన పెట్టించండి. కనీసం అర్జీ అందిందని ఒక్క ముక్కైనా రాయించండి.

వచ్చే నెల నన్ను మళ్లీ పరీక్షకు పిలిచారు. ఈసారైనా నడుస్తుండగా ఏదో ఒకటి అడగమని వాళ్లకు చెప్పండి.

ఇట్లు,
మూడు అర్జీల జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక తండ్రి