అరెస్టుల లెక్క గూఢచర్యపు లెక్క కాదు

సంపాదకులకు నమస్కారం.

గూఢచారుల అరెస్టులు గానీ, దౌత్యవేత్తల బహిష్కరణలు గానీ వరుసగా జరిగినప్పుడల్లా దేశాల మధ్య గూఢచర్యం మళ్ళీ జోరందుకుందని పత్రికలు రాయడం పరిపాటి అయింది. ఆ శీర్షికలు లెక్కపెడుతున్నది పట్టుబడినవారినే తప్ప పనిచేస్తున్నవారిని కాదని గుర్తుచేయడానికే ఈ లేఖ.

అమెరికాలో 'గూఢచారుల సంవత్సరం'గా పేరుపడిన 1985నే తీసుకోండి. మే నెలలో అరెస్టయిన జాన్ వాకర్, నౌకాదళ రహస్య సంకేతాలను సోవియట్ యూనియన్‌కు అమ్మడం మొదలుపెట్టి అప్పటికే దాదాపు 17 ఏళ్ళయింది. అతడిని పట్టించింది కూడా నిఘా సంస్థల చాకచక్యం కాదు, మాజీ భార్య ఇచ్చిన సమాచారం. నవంబరులో దొరికిన లారీ వూ-తాయ్ చిన్ అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ.లో అనువాదకుడిగా ఉంటూ చైనాకు దశాబ్దాల పాటు రహస్యాలు చేరవేశాడు. అంటే ఈ రెండూ ఆ ఏడాది బయటపడిన పాత బాకీలే.

కొత్త ద్రోహం మాత్రం ఎవరి కంటా పడలేదు. అదే ఏప్రిల్‌లో సి.ఐ.ఏ. అధికారి ఆల్‌డ్రిచ్ ఏమ్స్ వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయానికి తానే వెళ్ళి బేరం కుదుర్చుకున్నాడు, అక్టోబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ.కి చెందిన రాబర్ట్ హాన్సెన్ సోవియట్ గూఢచారి సంస్థ కె.జి.బి.కి ఉత్తరం రాశాడు. వీరు బయటపెట్టిన పేర్ల వల్ల అమెరికాకు రహస్యంగా సహకరిస్తున్న సోవియట్ అధికారులు పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఏమ్స్ 1994 దాకా, హాన్సెన్ 2001 దాకా చిక్కలేదు.

అంతకుముందు కథ మరీ విచిత్రం. అమెరికా అణుదాడికి సిద్ధమవుతోందన్న అనుమానంతో కె.జి.బి. 1981లో 'ర్యాన్' అనే కార్యక్రమం మొదలుపెట్టి, ప్రభుత్వ భవనాల్లో రాత్రివేళ ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో కూడా గమనించమని విదేశాల్లోని తన అధికారులను ఆదేశించింది. లండన్‌లో కె.జి.బి. అధికారిగా ఉంటూనే బ్రిటన్‌కు పనిచేసిన ఒలెగ్ గోర్డియెవ్‌స్కీ చెప్పినదాన్ని బట్టి, తాము నమ్మని సంగతులనే అక్కడి కె.జి.బి. అధికారులు మాస్కోకు నివేదించారు, మాస్కో వాటిని చూసి మరింత బెదిరింది. 1983 నవంబరులో అమెరికా, దాని మిత్రదేశాల సైనిక కూటమి నాటో జరిపిన, అణుయుద్ధాన్ని అనుకరించే 'ఏబుల్ ఆర్చర్' విన్యాసాలు ఈ వాతావరణంలోనే జరిగాయి. ఇంత ప్రమాదకరమైన దశ సామాన్య పాఠకులకు తెలిసింది ఏళ్ళ తరవాతే.

బహిష్కరణల సంఖ్యనూ ఇదే జాగ్రత్తతో చూడాలి. దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన వియన్నా ఒప్పందం ప్రకారం దౌత్యవేత్తను పంపివేసే దేశం కారణం చెప్పనక్కరలేదు కనుక, 1971లో బ్రిటన్ 105 మంది సోవియట్ అధికారులకు తలుపులు మూయడం వంటివి ప్రధానంగా రాజకీయ నిర్ణయాలు.

కనుక ఇకపై అరెస్టు వార్త ప్రచురించేటప్పుడు ఆ వ్యక్తి ఎప్పటినుంచి పనిచేసినట్లు ఆరోపణ ఉందో, ఎలా దొరికాడో కూడా శీర్షిక కిందనే తెలియజేయవలసిందిగా మనవి.

ఇట్లు
ఒక పాఠకుడు