పిడికెడు బియ్యం లెక్క

ప్రియమైన నేస్తానికి,

నీకూ, అన్నయ్యగారికీ, పిల్లలకూ ప్రభువు నామంలో వందనాలు. ఫోన్ చేసినప్పుడల్లా "తర్వాత మాట్లాడతానే" అని పెట్టేస్తున్నానని అలిగావని విన్నాను. అలగకే. పత్తి తీతలు నడుస్తున్నాయి కదా, పగలు ఏ పల్లెలోనూ ఆడవాళ్ళు దొరకరు. మా కూటాలన్నీ రాత్రి అన్నాలు తిన్నాకే. నువ్వు తీరిగ్గా ఫోన్ చేసే వేళకి నేను ఏదో ఒక ఊళ్ళో చాప మీద కూర్చుని ఉంటాను. అందుకే ఇవాళ కుదురుగా ఉత్తరం రాస్తున్నాను.

"స్కూలు నుంచి రిటైరయ్యాక ఈ స్త్రీల మైత్రి సెక్రటరీ పని ఎందుకు తలకెత్తుకున్నావే, అధికారం మీద మోజా?" అని అడిగావు. జవాబు చెప్పాలంటే ముందు మా పద్ధతి నీకు గుర్తుచేయాలి. మీ చర్చిలో పాటల దగ్గర నుంచి లెక్కల దాకా పాస్టరుగారి కుటుంబమే చూసుకుంటుందని నువ్వే అన్నావు. ఇక్కడ మా సి.ఎస్.ఐ.లో, అదే దక్షిణ ఇండియా సంఘంలో, ఒక్కో అయ్యగారి కింద ఎన్నో ఊళ్ళు ఉంటాయి. అన్నీ కలిపి ఒక పాస్టరేటు. ఆయన నెలలో ఒక ఊరికి ఒకసారి వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చి వెళ్తే అదే ఎక్కువ. మిగతా ఆదివారాలు ఆరాధన జరిపేది ఉపదేశి, సంఘ పెద్దలు. గంట కొట్టేది, చర్చి ఊడ్చేది, జబ్బు పడ్డవాళ్ళ ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసేది, చావు ఇంట్లో తెల్లవార్లూ కూర్చుని పాటలు పాడేది మాత్రం ఆడవాళ్ళే. ఆ ఆడవాళ్ళ సంఘమే స్త్రీల మైత్రి. ఊళ్ళో ఒకటి, పాస్టరేటుకి ఒకటి, మా ప్రాంతంలో ఉన్న పాస్టరేట్లన్నిటికీ కలిపి ఒకటి. ఆ పైన డయాసిస్, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే సంఘాలన్నీ. అక్కడ ఆనవాయితీగా బిషప్ అమ్మగారే ప్రెసిడెంటు. నేను చూసేది మధ్యలో ఉన్న ప్రాంతం పని. జీతం లేదు, ఆఫీసు లేదు. ఒక రిజిస్టరు, రసీదు పుస్తకాలు, బస్సు కండక్టర్లతో పరిచయం, అంతే.

మా అమ్మమ్మ కాలంలో దీన్ని మదర్స్ యూనియన్ అనేవాళ్ళు. అది ఆంగ్లికన్ సంఘం వాళ్ళది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘం వాళ్ళు ఒక్కటై సి.ఎస్.ఐ. అయ్యాక స్త్రీల మైత్రి వచ్చింది. మగవాళ్ళు కాగితాల మీద ఏకమయ్యారు గానీ, ఆ ఏకత్వాన్ని పల్లెల్లో నడిపించింది ఆడవాళ్ళేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరి ప్రార్థన పద్ధతి వాళ్ళకి ఉన్నా ఒకే కుండలో బియ్యం పోసుకున్నారు కదా!

దోర్నకల్ పెద్ద గుడికి మన హాస్టల్ పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు అజరయ్య బిషప్ గారి సమాధి చూశాం, నీకు గుర్తుందా? 1912లో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఈ పల్లెల్లోనే తిరిగారు. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనిపించేవారట. పౌలు కొరింథీయులకు రాసిన మాటే అది. ఎవరి చేత అనిపించారో ఆలోచించు. దొరల పొలాల్లో వెట్టి చేసే మాల మాదిగ కూలీల చేత, అక్షరం రాని ఆడవాళ్ళ చేత. ఊరి మధ్యకి రానివ్వని మనిషికి "నీకు చెప్పే మాట ఉంది, చెప్పే పూచీ నీదే" అనడం చిన్న సంగతి కాదే. లే లీడర్‌షిప్పు, అంటే పాస్టర్లు కాని మామూలు విశ్వాసుల నాయకత్వం గురించి ఎన్ని సెమినార్లు విన్నా నాకు అంతకంటే పెద్ద పాఠం దొరకలేదు. నా పని కూడా అదే అనుకుంటున్నాను, పల్లెలో ఉన్న ఆడమనిషి చేత ఆమె మాట ఆమె చేతే చెప్పించడం.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. పిడికెడు బియ్యం సంగతి నీకు తెలుసు. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, ఆదివారం చర్చికి తేవడం, కొలిచి అమ్మి ఆ డబ్బు కానుకలో జమ చేయడం. దొడ్డు బియ్యం తిన్న రోజుల్లోనూ మానలేదు, రేషన్లో సన్నబియ్యం ఇస్తున్న ఇప్పుడూ మానలేదు. పెద్ద పెద్ద చందాలు ఇచ్చేవాళ్ళు కొన్నేళ్ళు ఇస్తారు, కొన్నేళ్ళు ఇవ్వరు. ఈ పిడికెడు మాత్రం ఆగదు. మా స్త్రీల మైత్రి ఖర్చులో పెద్ద భాగం దీని మీదే నడుస్తోంది.

అయితే ఆ డబ్బు ఊరు దాటి పైకి వెళ్ళాక ఏమవుతుందో బియ్యం తీసిపెట్టిన మనిషికి ఎవరూ చెప్పరు. నేను ఊళ్ళకి వెళ్ళి "అమ్మా, మన సంఘం డబ్బు దేనికి వాడుతున్నారో మీకు తెలుసా?" అని అడిగితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలమ్మ మాత్రం "దేవునికి ఇచ్చినంక అడగొద్దు బిడ్డా" అంది. ఆమె భక్తికి నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. కానీ ఆమె భక్తిని అడ్డం పెట్టుకుని లెక్క చెప్పకుండా ఉండడం మాత్రం తప్పు. దేవుడికి ఇచ్చిన డబ్బుకే ముందు లెక్క చెప్పాలి.

అందుకని కమిటీలో రెండు సంగతులు పెట్టాను. బియ్యం డబ్బులో సగం ఏ ఊరిది ఆ ఊళ్ళోనే ఉండాలి, దాన్ని దేనికి వాడాలో ఆ ఊరి ఆడవాళ్ళే కూర్చుని తేల్చుకోవాలి. రెండోది, మూడు నెలలకోసారి లెక్క చర్చిలో పైకి చదవాలి, చదివేది అయ్యగారో పెద్దమనిషో కాకుండా ఆ ఊరి స్త్రీల మైత్రి మనిషే కావాలి. మొదటిదానికంటే రెండోదానికి ఎక్కువ గొడవ అయింది! "ఆడవాళ్ళకి లెక్కలేం తెలుస్తయి, అనవసరంగా తగాదాలు వస్తయి" అన్నారు ఒక పెద్దాయన. నాకు కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు. "అయ్యా, మీ ఇంట్లో అమ్మగారు డ్వాక్రా గ్రూపులో ఉన్నారు కదా, బ్యాంకు లోను తీసుకుని నెలనెలా వడ్డీతో కడుతున్నది ఎవరు? పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉంది?" అన్నాను. పదిమంది ఆడవాళ్ళు కలిసి లక్షల్లో అప్పు తెచ్చి, ఒక్క కంతు తప్పకుండా తీరుస్తున్న ఊళ్ళు మనవి. అలాంటివాళ్ళకి చర్చి బియ్యం లెక్క రాదనడం ఏం న్యాయం? ఆయన ఇంకేమీ అనలేదు. తీర్మానం ఒక ఏడాదికని పాసయింది. ఆ ఏడాది తర్వాత మళ్ళీ ఓటు పెడతారు.

ఇంతవరకు ఏం జరిగిందో వింటే నీకు సంతోషం కలుగుతుంది. ఒక ఊళ్ళో ఆడవాళ్ళు పెద్ద గుండిగలు, గంటెలు, జల్లి బుట్టలు కొన్నారు. పెళ్ళికైనా దినానికైనా ఇక అద్దె కట్టే పని లేదు, పక్కవాళ్ళకి ఇస్తే నాలుగు డబ్బులు కూడా వస్తాయి. ఇంకో ఊళ్ళో నర్సింగు చదివే పిల్లకి పరీక్ష ఫీజు కట్టారు. మరో ఊళ్ళో డయాలసిస్‌కి పోయే ఒకాయనకి ఆటో కిరాయి ఇస్తున్నారు, ఆయన మన సంఘం మనిషి కూడా కాదు. దాని మీద కాసేపు వాదన నడిచింది. ఎప్పుడూ నోరు విప్పని ఒక చిన్న కోడలు లేచి, "యేసయ్య పుట్టినప్పుడు నక్షత్రం చూసి వచ్చినోళ్ళు కూడా మనోళ్ళు కాదు కదా" అంది. మళ్ళీ ఎవరూ మాట్లాడలేదే! నేను నలభై నిమిషాలు ప్రసంగం చేసినా ఆ మాట చెప్పగలిగేదాన్ని కాదు.

కష్టాలు లేవని చెప్పను. కొన్ని చోట్ల ఇప్పటికీ మాలపల్లె, మాదిగపల్లె వాళ్ళు చర్చిలో రెండు పక్కల కూర్చుంటారు. వంట దగ్గరకొచ్చేసరికి ఒకరు ముట్టింది ఇంకొకరు తినడానికి వెనకాడతారు. ఒకే సంస్కార పాత్ర దగ్గర మోకరించి వచ్చి ఇలా చేయడం నాకు భరించరాని బాధ. అందుకే ప్రాంతం కూటం ఎక్కడ పెట్టినా రెండు పల్లెల ఆడవాళ్ళూ కలిసే వండాలని పెట్టాను. అలా కుదరదంటే ఆ ఊళ్ళో కూటం పెట్టం. ఈ విషయంలో నేను మెత్తబడను.

ఇంకో సంగతి, తాగొచ్చి కొట్టే మొగుళ్ళ గురించి. కూటం అయ్యాక చీకట్లో నా చెయ్యి పట్టుకుని చెప్పుకునేవాళ్ళు చాలామంది. "ప్రార్థన చేద్దాం, సహించు" అని పంపేయడం నా వల్ల కాదు. ప్రార్థన చేస్తాను, చేసి ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 నంబరు కూడా వాళ్ళ చేత కంఠతా పట్టిస్తాను. అవసరమైతే, దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రానికి తోడు వెళ్తాను. దీనికి కొందరు పెద్దలు నన్ను ఇళ్ళు విడదీసే మనిషి అంటున్నారు. అననీ. కుటుంబం నిలబడాలని నేనూ కోరుకుంటాను, కానీ అది ఒక్క ఆడదాని వీపు మీదే ఎందుకు నిలబడాలి?

2013లో నంద్యాల డయాసిస్‌కి పుష్పలలితమ్మ గారు సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ అయినప్పుడు నువ్వూ నేనూ ఫోన్లో ఎంత సంబరపడ్డామో! మన తెలుగు ఆడబిడ్డ అయ్యింది కదా. ఇప్పటికీ పల్లెల్లో ఆ మాట చెప్తే చిన్నపిల్లలు చెవులు నిక్కబొడుచుకుని వింటారు. అయితే నా మనసులో మాట ఒకటి ఉంది. పైన ఒక్కరు బిషప్ అవ్వడం ఎంత ముఖ్యమో, కింద పల్లెలో ఒక కూలి మనిషి చర్చిలో నిలబడి లెక్క చదవడం కూడా అంతే ముఖ్యం. ఆమె చదివిననాడు వాళ్ళ పిల్లలు వెనకాల నుంచి మెడలు చాచి చూస్తున్నారు. చివరి పద్దు చదివి "తప్పులుంటే చెప్పండి" అని తలెత్తింది చూడు, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

వచ్చే మార్చి 6న ప్రపంచ ప్రార్థనా దినం. ప్రతి ఏడూ మార్చి మొదటి శుక్రవారం కదా. 2026కి నైజీరియా స్త్రీలు ఆరాధన క్రమం రాశారు. మత్తయి పదకొండో అధ్యాయంలోని "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి" అన్న వాక్యం మీద. మాకు సరిగ్గా మిరప కోతల కాలం అది. తెల్లారుజామునే ఆటోల్లో కిక్కిరిసి పోయి, సాయంత్రానికి చేతులు భగభగ మండుతుంటే వచ్చే ఆడవాళ్ళకి ఈ వాక్యాన్ని వివరించే పని ఉండదు. అందుకని మధ్యాహ్నం కాకుండా రాత్రి ఎనిమిదింటికి పెడుతున్నాం. పటం తెచ్చి నైజీరియా ఎక్కడుందో చూపిస్తాను, అక్కడి ఆడవాళ్ళ కోసం పేరుపెట్టి ప్రార్థన చేయిస్తాను. మా వాళ్ళకి ఇదంటే ఎంత ఇష్టమో! మన కోసం కూడా ఎక్కడో ఎవరో ప్రార్థన చేస్తున్నారని తెలిస్తే వాళ్ళకి కొండంత బలం.

ఇక నీతో పని. ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెక్కలు చూశావు. నా దగ్గర డిగ్రీ చదివే ఆడపిల్లలు ఉన్నారు, ఊరికొకరు చొప్పున లెక్క రాయడానికి పెట్టాను. పాపం శ్రద్ధగానే రాస్తున్నారు గానీ జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసి చివర నిల్వ తేల్చడం దగ్గర తికమకపడుతున్నారు. ఓచరు అంటే ఏంటో, రసీదు ఎవరి దగ్గర ఉండాలో నేను చెప్పగలిగినంత చెప్పాను. నువ్వు చెప్తే వేరు. మళ్ళీ ఓటు పెట్టేలోపు ప్రతి ఊరి పుస్తకం వేలు పెట్టి చూపించడానికి వీల్లేనంత శుభ్రంగా ఉండాలి నాకు. అప్పుడు ఏ పెద్దమనిషి అభ్యంతరం చెప్తాడో చూస్తాను.

సంక్రాంతి అయిపోయాక ఒక శనివారం, ఆదివారం కలిపి రా. సికింద్రాబాద్‌లో రైలెక్కి దోర్నకల్ జంక్షన్లో దిగు, నేను స్టేషన్‌కి వస్తాను. అన్నయ్యగారికి షుగరు కదా, ఆయన వచ్చినా సరే, జొన్నరొట్టెలు చేయిస్తాను. పిల్లలందరికీ ఇవ్వడానికి నమూనా కాగితం ఒకటి నువ్వే తయారుచేసి తీసుకురా, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, చదువు రాని పెద్దవాళ్ళు కూడా బొమ్మల్లాగా చూసి పోల్చుకునేటట్టు. ఏ తేదీ కుదురుతుందో క్రిస్మస్ లోపల చెప్పు. ఊళ్ళన్నిటికీ కబురు పంపాలి, అక్కడివాళ్ళు కూలికి పోకుండా ఆ రోజు ఆపుకోవాలి మరి.

నీ
హాస్టల్ నేస్తం