పోయిన షాట్లూ లెక్కలోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

అంతర కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలు మొదలయ్యాయంటే ఆటల పేజీలో వార్త దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: ఫలానా కళాశాల గెలిచింది, ఫలానా కుర్రాడు 19 పాయింట్లతో రాణించాడు. ఇందులో విలేకరి తప్పేమీ లేదు. టేబుల్ దగ్గర ఆయనకు దొరికేది స్కోర్‌షీట్ ఒక్కటే. పడిన బాస్కెట్లు, ఫౌళ్లు, టైమౌట్లు అందులో ఉంటాయి. పోయిన షాట్ ఉండదు. రీబౌండ్ (పోయిన షాట్ తిరిగి వస్తే బంతిని అందుకోవడం) ఉండదు. బంతి ఎవరు పోగొట్టారో, ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో ఉండదు. చిక్కేమిటంటే, విశ్వవిద్యాలయ జట్టుకు 12 మందిని ఎంచే వాళ్ల చేతుల్లోనూ తరచూ ఆ కాగితమే ఉంటుంది.

ఆ 19 పాయింట్ల కుర్రాడు 24 షాట్లు వేస్తే 8 పడ్డాయనుకుందాం, అందులో ఒకటి త్రీ పాయింటర్ (దూరపు గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్). ఎదుటివాళ్ల ఫౌళ్లకు దక్కిన 4 ఫ్రీత్రోల్లో 2 వేశాడు, బంతిని 6 సార్లు ఎదుటివాళ్లకు అప్పగించాడు (దీన్నే టర్నోవర్ అంటారు). అదే జట్టులో ఇంకొకడు 9 షాట్లలో 5 వేశాడు, వాటిలోనూ ఒకటి త్రీ. ఫ్రీత్రోలు రెండుకు రెండు, టర్నోవర్ ఒక్కటి, మొత్తం 13 పాయింట్లు. వేసిన షాట్లు, టర్నోవర్లు, ఫ్రీత్రోల్లో 0.44 వంతు కలిపితే ఆ ఆటగాడు జట్టుకు దక్కిన బంతుల్లో ఎన్నింటిని ఖర్చు చేశాడో వస్తుంది. ఫ్రీత్రోలు సాధారణంగా రెండేసి వస్తాయి కాబట్టి సగం అనుకోవాలి, బాస్కెట్ పడ్డాక అదనంగా వచ్చేవీ ఉంటాయి కాబట్టి సగానికి కాస్త తక్కువ. ఈ లెక్కన మొదటివాడు దాదాపు 32 బంతులు వాడి ఒక్కోదానికి 0.6 పాయింటు తెచ్చాడు. రెండోవాడు 11 బంతులకు ఒక్కోదానికి 1.2. పేపర్లో పేరు మొదటివాడిదే వస్తుంది.

ఈ లెక్కలన్నీ రాసుకోడానికి ఖర్చేమీ లేదు. జూనియర్ విద్యార్థులు ఇద్దరు, అట్ట, పెన్సిల్, సగం కోర్టు బొమ్మ అచ్చేసిన ఏ4 కాగితాలు చాలు. ఒకడు కళ్లు కోర్టు మీంచి తిప్పకుండా చెప్పాలి, రెండోవాడు తల ఎత్తకుండా రాయాలి. ఒక్కడే చూస్తూ రాస్తే రీబౌండ్లు తప్పిపోతాయి. షాట్ వేసిన చోట జెర్సీ నంబరు రాసి, పడితే చుట్టూ సున్నా, పోతే మీద గీత. రెండో కాగితంలో నంబర్ల వరుస, ఎదురుగా కోర్టులోకి వచ్చిన, వెళ్లిన సమయం, ముందువైపు రీబౌండ్ (తన జట్టు షాట్ పోయినప్పుడు), వెనకవైపు రీబౌండ్ (ఎదుటివాళ్ల షాట్ పోయినప్పుడు), టర్నోవర్. టర్నోవర్‌కు కారణం కూడా ఒక్క అక్షరంతో గుర్తు పెట్టాలి: పాస్ తప్పితే పా, ట్రావెలింగ్ (బంతిని నేలకు కొట్టకుండా అడుగులు వేయడం) అయితే ట్రా, 8 సెకన్లలో సగం గీత దాటలేకపోతే 8. మూడు ట్రావెలింగులు చేసినవాడికి కాళ్ల పని నేర్పితే సరిపోతుంది. మూడు పాసులు తప్పినవాడు డిఫెన్స్‌ను చూడటం లేదని అర్థం, అది అంత త్వరగా తీరే జబ్బు కాదు.

అంకెలున్నా సీజన్ మొదట్లో తొందరపడకూడదు. నిజంగా నూటికి 30 త్రీలు మాత్రమే వేయగలిగే ఆటగాడు కూడా ఏవో పది షాట్లలో ఐదు లేదా అంతకన్నా ఎక్కువ వేసే అవకాశం నూటికి 15 దాకా ఉంటుంది. అలాంటివాళ్లు ఇరవై మంది ట్రయల్స్‌కు వస్తే ముగ్గురు ఆ రోజు షూటర్లలా కనిపిస్తారు. త్రీ పాయింట్ల గీతను కూడా టేపుతో కొలవాలి. నిబంధన 6.75 మీటర్లు (మూలల్లో 6.60), 2010కి ముందు గీసిన గీతైతే 6.25 ఉంటుంది. ఆ అర మీటరు దగ్గరే చాలామంది షాట్ రింగు ముందు అంచుకు తగిలి ఆగిపోతుంది. అమ్మాయిల ట్రయల్స్‌లో బంతి 6వ సైజుదేనా అనీ చూడాలి.

తొలి రౌండ్లలో ప్రత్యర్థులు బలహీనంగా ఉండటం ఇంకో తంటా. ఎదుటి జట్టులో బంతి తేగలిగేవాడు ఒక్కడే ఉంటే, ఫుల్‌కోర్టు ప్రెస్ వేసి (కోర్టు పొడవునా మీదపడి అడ్డుకుని), లాక్కుని, ఖాళీ రింగు కింద లేఅప్ (రింగు దగ్గరికి వెళ్లి వేసే షాట్) వేసి ఎవరైనా 20 పాయింట్లు చేస్తారు. అందుకే ఫాస్ట్‌బ్రేక్ పాయింట్లు వేరుగా, డిఫెన్స్ కుదురుకున్నాక వచ్చిన పాయింట్లు వేరుగా రాయాలి. సౌత్‌జోన్ అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో తమిళనాడు, కేరళ జట్ల మీద మొదటి రకం దాదాపు దొరకవు. అక్కడ మొదట నాకౌట్ కాబట్టి ఒక్క మ్యాచ్ ఓడితే రైలెక్కడమే. అమెరికాలోనూ నవంబరులో పెద్ద కళాశాలలు చిన్నవాటిని పిలిపించుకుని ఆడి భారీ తేడాతో గెలుస్తుంటాయి, ఆ అంకెలను అక్కడి కోచ్‌లు చాలావరకు కొట్టేసి చూస్తారు.

రీబౌండ్లదీ అదే కథ. ఎదుటివాళ్లలో అందరికన్నా పొడుగువాడు ఐదడుగుల తొమ్మిది అంగుళాలుంటే ఆరడుగుల మూడు అంగుళాల వాడికి 15 రావడం వింత కాదు. షాట్ గాల్లో ఉండగా వాడు బంతి వైపు చూస్తున్నాడా, లేక ముందు తన మనిషిని వీపుతో అడ్డుకుని ఆ తర్వాత చూస్తున్నాడా? పది షాట్లకు ఎన్నిసార్లు అలా అడ్డుకున్నాడో లెక్కేస్తే, తనంత పొడుగువాడు ఎదురైన రోజు ఏం జరుగుతుందో ముందే తెలుస్తుంది.

కంటితో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. బంతిని నడిపించే గార్డు ఎడమవైపు రింగు దాకా వెళ్లి కూడా బంతిని కుడిచేతికి మార్చుకుని లేఅప్ వేస్తున్నాడంటే, మంచి డిఫెండర్ వాడిని రెండో క్వార్టర్‌కల్లా కట్టేస్తాడు. నాలుగో క్వార్టర్‌లో షాట్లు వరుసగా ముందు అంచుకు తగులుతుంటే కాళ్లలో సత్తువ లేదని, మూడు వారాల పరుగుతో అది వస్తుంది. కుడికీ ఎడమకీ పోతుంటే మోచేతి లోపం, అది సీజన్ మధ్యలో సరిదిద్దేది కాదు. పన్నెండు నిమిషాల్లో నాలుగు ఫౌళ్లు చేసిన సెంటర్‌ను (రింగు దగ్గర ఆడే పొడుగువాడిని) పక్కన పెట్టేముందు ఆ ఫౌళ్లు చేత్తో చేశాడా, కాలు ఆలస్యమై చేశాడా చూడండి. చేతి అలవాటును మాన్పించవచ్చు.

ఇక ట్రయల్స్. ముక్కూమొహం తెలియని పదిమందిని కలిపి ఐదుగురేసి ఆడిస్తే అందరూ షాట్ వేసి చూపించుకోవాలనే చూస్తారు. పాస్ ఇచ్చేవాడు, స్క్రీన్ పెట్టేవాడు (తోటివాడికి దారి దొరికేలా డిఫెండర్‌కు అడ్డంగా నిలబడేవాడు) మాయమైపోతాడు. బదులుగా ముగ్గురేసి, సగం కోర్టులో, నాలుగు నిమిషాల ఆటలు పెట్టి, ప్రతి ఆటకూ జోడీలు మార్చాలి. ఎవరితో కలిసినా ఎవరి పక్షం గెలుస్తోందో రెండు గంటల్లో బయటపడుతుంది. షాట్‌క్లాక్ లేకపోతే స్టాప్‌వాచ్ పట్టుకుని పది, ఐదు అని గట్టిగా అరిచే మనిషిని పెట్టండి. 24 సెకన్లలో షాట్ వేయాలన్న ఒత్తిడి లేని చోట డ్రిబుల్ చేస్తూ గడిపేవాడు కూడా ప్లేమేకర్‌లాగే కనిపిస్తాడు.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. పాయింట్ల పక్కన వేసిన షాట్లు కూడా అచ్చేయండి: '19 (8/24)'. అంతే చోటు చాలు. ఆ అంకె ఇవ్వాల్సింది ఆతిథ్య కళాశాల పీడీ (ఫిజికల్ డైరెక్టర్). విలేకరి రెండు రోజులు వరుసగా అడిగితే మూడో రోజుకు టేబుల్ పక్కన పెన్సిల్ పట్టుకుని ఇద్దరు పిల్లలు కూర్చుంటారు.

ఇట్లు,
కళాశాల బాస్కెట్‌బాల్ శిక్షకులు కొందరు,
హనుమకొండ