రెండో భక్ష్యం

బంగారూ,

ఆదివారం నువ్వు తార్నాకలో మెట్రో ఎక్కి మాదాపూర్ వెళ్లిపోయాక వంటింట్లో గిన్నెలు సర్దుతూ చూశాను. నీకిష్టమని చేసిన దొండకాయ వేపుడు గరిటె కూడా పడకుండా అలాగే ఉంది. "రాత్రి బిర్యానీ తిన్నానమ్మా, ఈ రోజంతా మంచినీళ్లే" అన్నావు. పోనీలే అనుకున్నాను. కానీ నువ్వు బయల్దేరే ముందు, పొద్దుగూకే వేళ లైటు కూడా వేయకుండా సకినాల డబ్బా ముందు నిలబడ్డావు. కొరికితే చప్పుడవుతుందని ముక్క నోట్లో పెట్టుకుని నానబెడుతున్నావు. నన్ను చూడగానే డబ్బా మూత పెట్టేశావు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనింట్లో నువ్వు దొంగచాటుగా తినడమేమిటి తల్లీ?

ఇందులో నా తప్పు ఉంది. నీకు పన్నెండేళ్లప్పుడు పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశంలో రెండో భక్ష్యం వేయించుకుంటే, "ఇంకోటి ఎందుకే, ఇప్పటికే లావయ్యావు" అని బంతిలో అందరి ముందూ అన్నాను. నువ్వు దాన్ని అలాగే విస్తరిలో మడిచేసి లేచిపోయావు. అదే నేను ఇంట్లో కంచంలో మెతుకు మిగిలితే ఊరుకునేదాన్ని కాదు. తింటే తప్పు, వదిలితే తప్పు. పసిదానివి, ఏం చేస్తావు? ఆ మాట అన్నందుకు నన్ను క్షమించు.

షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక నాకంటూ కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. నేను వాకింగ్‌కి వెళ్లే దారిలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కంచం బొమ్మ ఒకటుంది. అందులో సగం కూరగాయలూ పళ్లే. మనింట్లో అన్నం గుట్టలా ఉండేది, కూర దాని మీద బొట్టులా ఉండేది. ఇప్పుడు ముందు కూర పెట్టుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటున్నాను. మారు వడ్డించుకునే ముందు కాసేపు ఆగుతాను. కడుపు నిండిందని మెదడుకు తెలియడానికి 20 నిమిషాల దాకా పడుతుందట. తినేటప్పుడు టీవీ కట్టేస్తాను. ఇది చాలా కష్టమైంది, ఇంకా అప్పుడప్పుడు తప్పుతూనే ఉంటాను.

ఇవి నా వయసుకూ నా ఒంటికీ సరిపోయినవి. నీవి నువ్వే ఆలోచించి పెట్టుకో. రాత్రి పదకొండు దాకా కాల్స్ ఉండేదానివి, ఏడింటికే తినేయమని నేనెలా చెప్తాను? ఆ ఫోన్‌లో యాప్ చెప్పిన అంకెలూ, హాస్టల్లో పక్క బెడ్ అమ్మాయి డైటూ నీకు కొలత కాకూడదు.

ఒక్కటి మాత్రం బతిమాలి అడుగుతున్నాను. బిర్యానీ తిన్న మర్నాడు నీకు నువ్వు శిక్ష వేసుకోకు. మామూలుగా రెండు ఇడ్లీలు తిను. రోజంతా కడుపు మాడిస్తే సాయంత్రానికి ఒళ్లు తీపినీ నూనెనూ వెతుక్కుంటుంది. దాన్ని నీ బలహీనత అనుకుని ఏడవకు, అది ఉత్త ఆకలి. ఇలా దాచుకుని తినడం, తర్వాత బాధపడటం తరచూ జరుగుతుంటే చెప్పు, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వచ్చే ఆదివారం భక్ష్యాలు చేస్తున్నాను. పూర్ణం ముందు రోజే చేసి పెడతాను. మెట్రో దిగగానే ఫోన్ చెయ్యి, పెనం పొయ్యి మీద పెడతాను.

మీ అమ్మ